దేవుళ్ల ఒంటి మీద కోట్లు ఎందుకు? వాగ్నర్ 'రింగ్' పాత పద్ధతిలోనే చూపించాలా?

రాత్రిబండి:
ఈమధ్య ఏ ఫాంటసీ సిరీస్ పెట్టినా రెండో ఎపిసోడ్‌కే విసుగొస్తోంది. మాయకీ రూల్స్ చెబుతారు, విలన్‌కీ చిన్ననాటి కష్టాలు చెబుతారు. ఏడు సముద్రాల అవతల చిలకలో మాంత్రికుడి ప్రాణం ఉందంటే మనం ఎందుకని అడిగామా? ఆ బెంగతో వెతుకుతుంటే జర్మన్ సంగీతకారుడు వాగ్నర్ రాసిన 'రింగ్' దొరికింది. నాలుగు ఒపేరాలు, అంటే పాటల్లోనే నడిచే నాటకాలు, దాదాపు 15 గంటలు. ప్రేమను వదులుకున్నవాడికే లొంగే బంగారం, శాపం తగిలిన ఉంగరం, డ్రాగన్, మంటల మధ్య నిద్రపోయే వీరకన్య. హీరో సీగ్‌ఫ్రీడ్‌ని వీపులో తప్ప ఎక్కడ పొడిచినా చావడు, మన దుర్యోధనుడి తొడల కథే!

నేను చూసింది న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా హౌస్‌లో ఓటో షెంక్ డైరెక్ట్ చేసిన రింగ్, 1990లో టీవీలో వచ్చింది. అడవి అడవిలాగే ఉంది. తర్వాత జర్మనీలో వాగ్నర్ కట్టించుకున్న బైరాయిట్ థియేటర్‌లో 1976లో వేసిన రింగ్ పెడితే రైన్ నది మీద కరెంటు డ్యామ్, దేవుళ్ల ఒంటి మీద కోట్లు! కాసేపటికే ఆపేశాను. పురాణాన్ని పురాణంలాగే చూపించాలి. కాదనేవాళ్లు రండి.

రైన్‌గట్టు:
వచ్చాను బ్రో. ఫ్రెంచ్ డైరెక్టర్ షెరో తీసిన ఆ బైరాయిట్ రింగ్‌ని మొదటి ఏడాది జనం ఈలలేసి తిట్టారు. 1980లో ఆఖరి ప్రదర్శనకి అదే హాల్లో గంటకు పైగా చప్పట్లు. ఆ కోట్లు పైనుంచి అతికించినవి కావు, డబ్బూ అధికారం గొడవ కథలోనే ఉంది. వాగ్నర్ దీన్ని 1848లో రాయడం మొదలుపెట్టాడు, మరుసటి ఏడాదే డ్రెస్డెన్ తిరుగుబాటులో దూరి స్విట్జర్లాండ్ పారిపోయాడు. కథలో దేవుళ్ల రాజు వోటాన్ చేసిన పనేంటి? రాక్షసులతో కోట కట్టించుకుని, కూలి ఇవ్వాల్సి వచ్చేసరికి తప్పించుకునే దారి వెతికాడు. మేస్త్రీకి చివరి విడత ఎగ్గొట్టే ఇంటి ఓనర్ అన్నమాట. 1898లోనే బెర్నార్డ్ షా దీన్ని పెట్టుబడి కథగా చదివి పుస్తకమే రాశాడు.

రాత్రిబండి:
చప్పట్లు సరే. ఆ హాల్లోవాళ్లలో చాలామందికి కథ ముందే కంఠతా వచ్చు. తెలిసినవాళ్లకి తిరగేసి చూపిస్తే మజా. నాలాంటి కొత్తవాడికి ముందు డ్రాగన్ కావాలి, అర్థాలు తర్వాత.

తెరచాటు:
నాదీ రాత్రిబండి గారి మాటే. సురభి నాటకాలు 1885లో కడప జిల్లాలో మొదలయ్యాయి, ఘటోత్కచుడి మాయలు ఇప్పటికీ ఆడుతున్నారు. తీగ కనిపిస్తున్నా పిల్లలు కేకలు పెడతారు. అయితే పాతదంతా సాఫీగా నడిచిందనుకోకండి. 1876లో తొలి రింగ్‌కి డ్రాగన్‌ని లండన్‌లో చేయిస్తే మెడ భాగం సమయానికి రానే లేదట! ఇక 2010లో మెట్రోపాలిటన్‌వాళ్లు రింగ్‌కి సెట్‌గా తెచ్చిన యంత్రం 45 టన్నులు, దాని కోసం స్టేజీనే బలపరచాల్సి వచ్చింది. మాయ అంటే ఖర్చే.

శ్రుతిపెట్టె:
అందరూ సెట్ గురించే కొట్టుకుంటున్నారు. మొదటి ఒపేరా చివర్లో ట్రంపెట్‌లో ఒక బాణీ మోగుతుంది. అది ఒక కత్తి బాణీ. అప్పటికి కథలో ఆ కత్తి ఊసే లేదు, వోటాన్ మనసులో ఆలోచన పుట్టిందంతే. రెండో ఒపేరాలో చెట్టుకి దిగిన కత్తి మెరిసినప్పుడు అదే బాణీ మళ్లీ వస్తుంది. డ్రాగన్ కూడా ముందు ట్యూబా అనే పెద్ద బూరా మంద్రస్వరంలోనే కదులుతుంది. వాగ్నర్ చూపించాల్సింది చెవికే చూపించేశాడు, వెనక డ్యామ్ ఉంటేనేం, అడవి ఉంటేనేం? పద్యనాటకంలో కృష్ణుడి కిరీటం అట్టదని తెలిసీ, పద్యం అందుకోగానే మర్చిపోమా?

రాత్రిబండి:
అట్టదైనా అది కిరీటమే కదండీ! కృష్ణుడు హ్యాట్ పెట్టుకుని రాగం తీస్తే వన్స్‌మోర్ కొడతారా?

రైన్‌గట్టు:
రాగం బాగుంటే నేను కొడతా. షెరో రింగ్ ఆఖరి దృశ్యం ఒక్కటి చూసి రండి. దేవుళ్ల కోట తగలబడ్డాక స్టేజీ మీద జనం తిరిగి ప్రేక్షకుల వైపు చూస్తారు. తర్వాత ఏం చేస్తారో మీరే చేసుకోండి అన్నట్టు. అది అట్ట కిరీటాలతో కుదిరేది కాదు.

రాత్రిబండి:
ఆ ఒక్క దృశ్యం చూస్తా. డ్యామ్ మాత్రం ఫార్వర్డ్ చేస్తా.