ప్రచార వ్యాసాలు: కీవర్డ్ ఎన్నిసార్లు పడాలి, లింకులు ఎన్ని ఉండాలి?

పావురాయి_07:
నమస్కారమండీ. ఆఫీసు కుర్చీలు అమ్మే ఆన్‌లైన్ షాపుకి వారానికి రెండు వ్యాసాలు రాయాలి, ఒక్కోటి 800 పదాలు. వచ్చినవాళ్లు పది, ఇరవై సెకన్లలో వెళ్లిపోతున్నారు. కీవర్డ్ (జనం గూగుల్‌లో వెతికే మాట) ఎన్నిసార్లు పడాలి? ఒకే వ్యాసాన్ని అక్కడక్కడా మాటలు మార్చి పది సైట్లకు ఇవ్వొచ్చా? షాపు లింకు ఎన్నిచోట్ల పెట్టాలి? ఇప్పటి వ్యాసం ఇలా మొదలవుతుంది: “నేటి ఆధునిక యుగంలో ప్రతి ఒక్కరి జీవితంలో ఆఫీసు కుర్చీ ఎంతో ముఖ్యమైన పాత్ర పోషిస్తోంది. మా కుర్చీలు అత్యుత్తమ నాణ్యతతో...”

చిత్తుప్రతి:
జబ్బు ఆ మొదటి వాక్యంలోనే ఉందండీ. “ఆఫీసు కుర్చీ” తీసేసి “గొడుగు” అని పెట్టినా ఆ వాక్యం చెక్కుచెదరదు. అలాంటి వాక్యం ఎక్కడ కనబడినా కొట్టేయండి.

కీవర్డ్ ఇంత శాతం ఉండాలని గూగుల్ ఎక్కడా చెప్పలేదు, అతిగా కుక్కితే స్పామ్ అని మాత్రం చెప్పింది. టైటిల్లో ఒకసారి, మొదటి పేరాలో ఒకసారి పడితే చాలు. తర్వాత నోటికి ఎలా వస్తే అలా రాయండి.

అంతకంటే ముందు వ్యాసానికి ఒక్క ప్రశ్న ఎంచుకోవాలి. “మంచి ఆఫీసు కుర్చీ” ప్రశ్న కాదు. “టేబుల్ ఎత్తు మారదు, కుర్చీ ఎంత ఎత్తులో పెట్టుకోవాలి?” అన్నది ప్రశ్న. షాపుకి వచ్చే మెసేజీల్లో, రిటర్న్ చేసినవాళ్లు రాసిన కారణాల్లో ఇవి బోలెడు దొరుకుతాయి. అప్పుడు వ్యాసం మొదలు ఇలా మారుతుంది:

“మోచేతులు టేబుల్ మట్టానికి వచ్చేలా కుర్చీ లేపితే పాదాలు నేలకు ఆనట్లేదా? కుర్చీ దించకండి, కాళ్ల కింద పీట వేసుకోండి. దించితే భుజాలు పైకి లేచి మెడ పట్టేస్తుంది.”

జవాబు మొదట్లోనే చెప్పేస్తే ఇంకెవరు చదువుతారన్న భయం చాలామందికి ఉంటుంది. ఉత్త భయమే. చెప్పేవాడికి విషయం తెలుసని నమ్మకం కుదిరితేనే కిందికి జరుపుతారు. అక్కడ కొలతలు పెట్టండి: సీటు ఎత్తు ఎన్ని సెంటీమీటర్ల నుంచి ఎంతవరకు, సీటు లోతు ఎంత, ఎంత బరువు మోస్తుంది, వారంటీ వేటికి వర్తించదు. అంకెలు వచ్చాక “అత్యుత్తమ నాణ్యత” అవసరమే ఉండదు. సరుకు పేరు సగం దాటాక తెండి. అది ఎవరికి పనికిరాదో కూడా ఒక ముక్క రాయండి. బాగా పొడుగువాళ్లకు సీటు లోతు చాలదనుకోండి, అలాగే చెప్పాలి. షాపువాళ్లు ఆ వాక్యం తీసేయమంటారు, రిటర్న్‌ల లెక్క చూపించి ఒప్పించండి.

800 పదాలని పట్టుబట్టొద్దు. 450లో విషయం అయిపోతే ఆపేయడమే.

గొలుసుకట్టు:
మాటలు మార్చి పంచే పద్ధతికి కాలం చెల్లింది. 2011 ఫిబ్రవరిలో వచ్చిన పాండా అనే గూగుల్ ర్యాంకింగ్ మార్పు పసలేని పేజీలను దించేసింది, 2012 ఏప్రిల్‌లో వచ్చిన పెంగ్విన్ అనే మార్పు లింకుల గారడీని పట్టుకుంది. ఒకే రాత పదిచోట్ల ఉంటే గూగుల్ వాటిలో ఒకదాన్నే ఎంచుకుంటుంది, అది మీ షాపు పేజీయే కావాలని లేదు. తప్పక ఇవ్వాల్సివస్తే అవతలి సైటువాళ్లను ఆ పేజీకి నోఇండెక్స్ (సెర్చ్‌లో చూపించొద్దని గూగుల్‌కి చెప్పే ట్యాగ్) పెట్టమనండి. అసలు పేజీ ఫలానాదని సూచించే కానోనికల్ ట్యాగ్‌ని నమ్ముకోవద్దు.

డబ్బిచ్చి వేయించే వ్యాసంలో లింకు కోడ్‌లో రెల్ (లింకు ఎలాంటిదో గూగుల్‌కి చెప్పే గుర్తు) దగ్గర “స్పాన్సర్డ్” అని విలువ ఇవ్వాలి. ఇది 2019 సెప్టెంబరులో వచ్చింది, పాత “నోఫాలో” కూడా చెల్లుతుంది. ఇది ప్రచారమని పాఠకుడికి పైనే చెప్పండి, అడుగున చిన్నక్షరాల్లో కాదు. లింకు ఒకటి, మహా అయితే రెండు. లింకు మాట “చవక ఆఫీసు కుర్చీ కొనండి” అని ప్రతిచోటా ఒకేలా ఉండకూడదు. నొక్కితే ఏం వస్తుందో అదే రాయండి, “సీటు లోతు కొలిచే పద్ధతి” లాగ.

పావురాయి_07:
చాలా థ్యాంక్సండీ. టైటిల్ 60 అక్షరాలు దాటకూడదంటారు, నిజమేనా? ఫలితం ఎన్నాళ్లకు చూడాలి?

చిత్తుప్రతి:
60 గూగుల్ పెట్టిన హద్దు కాదు. స్క్రీన్ వెడల్పుకి పట్టినంత చూపించి మిగతాది కత్తిరిస్తుంది. ఒత్తులూ గుణింతాలూ ఉన్న మన లిపికి ఆ లెక్క అసలే కుదరదు. అసలు మాట ముందు, షాపు పేరు చివర.

గొలుసుకట్టు:
రెండు మూడు నెలలు ఆగి సెర్చ్ కన్సోల్ (సైటు సెర్చ్‌లో ఎలా కనబడుతోందో గూగుల్ చూపించే ఉచిత సాధనం) చూడండి. ఇంప్రెషన్లు (ఫలితాల్లో పేజీ కనబడిన సార్లు) ఉండి క్లిక్కులు లేకపోతే టైటిల్ తిరగరాయాలి. క్లిక్కులు వచ్చీ జనం నిలవకపోతే, టైటిల్ ఇచ్చిన మాట మొదటి పేరా నిలబెట్టుకోలేదన్నమాట. ఇంప్రెషన్లే లేవంటే పేజీ ఇండెక్స్ అయిందో లేదో, అంటే గూగుల్ జాబితాలోకి ఎక్కిందో లేదో ముందు చూసుకోండి. ఇండెక్స్ అయ్యే ఉంటే, ఆ ప్రశ్న అలా ఎవరూ వెతకట్లేదేమో. బయటి సైట్లలో పెట్టే లింకులకు యూటీఎం ట్యాగులు (ఎక్కడినుంచి వచ్చారో తెలిపేలా లింకు చివర చేర్చే మాటలు) తగిలించి, ఒక్కో సైటుకి ఒక్కో సోర్స్ పేరు ఇవ్వండి. సొంత సైటు లోపలి లింకులకు మాత్రం వద్దు, పాఠకుడు ఎక్కడినుంచి వచ్చాడన్న లెక్క తారుమారవుతుంది. టైటిల్, మొదటి పేరా ఒకేరోజు మార్చకండి, ఏది పనిచేసిందో తెలీదు.