నా కత్తి కాగితాన్ని కోస్తోంది, తోలుని మాత్రం పీకుతోంది. ఏం తప్పు చేస్తున్నాను?

చీపురుపల్లి కుర్రాడు:
ఇంట్లో పర్సులు, బెల్టులు కుడుతున్నా. కుట్టు దగ్గర తోలు అంచుని పల్చగా చెక్కే కత్తి, ఒకవైపే ఏటవాలు ఉన్నది, 1000 నంబరు సానరాయి మీద అరగంట, ఇంకా నునుపైన 3000 మీద ఇంకో పావుగంట నూరాను. చెయ్యి నొప్పి తప్ప ఏమీ మిగల్లేదు.

ఏడురోడ్ల జంక్షన్:
తమ్ముడూ, ఏటవాలు మీద నల్ల స్కెచ్ పెన్ను పూసి రాయి మీద నాలుగుసార్లు లాగు. సిరా ఎక్కడ పోయిందో చూసి చెప్పు.

చీపురుపల్లి కుర్రాడు:
పైన పోయింది. అంచు దగ్గర సన్నటి నల్ల గీత అలాగే ఉంది అన్నా.

ఏడురోడ్ల జంక్షన్:
అదే మరి. కత్తిని బాగా పడుకోబెట్టేస్తున్నావు, రాయి అంచుని తాకనేలేదు. కత్తి వీపుని కొంచెం లేపు. వెనకవైపు, అంటే చదునువైపు, అంచు పొడవునా వేలికి సన్నగా గరుకు తగిలేదాకా 1000 మీదే ఉండు. అది రాకుండా 3000కి వెళ్తే మెరుపొస్తుంది గానీ పదును రాదు. వచ్చాక చదునువైపుని 3000 మీద పూర్తిగా ఆనించి రెండు మూడుసార్లు లాగితే చాలు. వేలు అంచు మీద పొడుగునా జరపకు బాబూ, లోపలి నుంచి బయటికి అడ్డంగా!

గంటస్తంభం దగ్గర:
మా తాత చెప్పులు కుట్టేవాడు. ఆయన రంపె, అంటే తోలు కోసే కత్తి, పాత హాక్సా బ్లేడుతో చేసింది, సానరాయి మధ్యలో గుంట పడి దోసిలిలా ఉండేది, అయినా ఆయన చేతికి అది తెగేది. మనకి ఆ చెయ్యి లేదు కాబట్టి రాయి చదునుగా ఉండాల్సిందే. అద్దం ముక్క మీద 220 నంబరు నీటి ఎమెరీ కాగితం పరిచి, రాయి మీద పెన్సిల్ గళ్లు గీసి, గళ్లన్నీ పోయేదాకా రుద్దండి. ఇంకోటి, తొందరపడి గ్రైండర్ చక్రానికి పెట్టకండి. నేను పెట్టాను, అంచు నీలంగా మారింది, ఆ మేర ఉక్కు మెత్తబడిపోయింది, అంతా అరగదీసుకునేసరికి వారం పట్టింది.

చీపురుపల్లి కుర్రాడు:
గరుకు వచ్చింది! చివరి పదునుకి వాడే తోలుపట్టీ మీద కూడా నూరాను, కానీ పట్టీయే తెగింది.

బొబ్బిలి:
ముందుకు తోశావు కదూ? పట్టీ మీద ఎప్పుడూ వెనక్కే లాగాలి, సెలూన్లో పాతకాలం కత్తులకి చేసినట్టు. చివర్లో కత్తిని పైకి తిప్పకు, ముందు ఎత్తి తర్వాత తిప్పు. పట్టీకి ఆకుపచ్చ మెరుగు ముద్ద పలచగా రుద్దితే సరిపోతుంది. గట్టిగా నొక్కితే తోలు కుంగి అంచు గుండ్రమవుతుంది, పడ్డ కష్టమంతా పోతుంది. గొల్లపల్లిలో వీణలు చెక్కే ఒకాయన ఉలి నూరుతుంటే చూశాను, చివరి లాగుళ్లకి చెయ్యి బరువు కూడా వేయడు.

చీపురుపల్లి కుర్రాడు:
ఇప్పుడు తోలు వెన్నలా లేస్తోంది. ఆ ఊపులో వంటింటి కత్తి కూడా నూరి పెట్టా, చెప్పడం మర్చిపోయా. అమ్మ వేలికి కట్టు, నాకు వంట డ్యూటీ.