అప్‌డేట్: ప్రాపర్టీ గ్రిడ్‌లో ఒక్క గడికే తాళం వేయడం కుదిరింది

మొన్న అడిగింది గుర్తు చేస్తాను: కడపలో నాపరాళ్ల యూనిట్ కోసం విన్‌ఫామ్స్‌లో (విండోస్ ప్రోగ్రాముల తెరలు తయారుచేసే డాట్‌నెట్ సాధనం) ప్రోగ్రామ్ రాస్తున్నా. అందులోని ప్రాపర్టీ గ్రిడ్‌లో, అంటే ఒక ఆబ్జెక్ట్ వివరాలను (ప్రాపర్టీలను) గడుల్లో చూపించి మార్చనిచ్చే పట్టికలో, రాయి రకం "పాలిష్" అయితేనే పాలిష్ రేటు గడి మార్చడానికి వీలుండాలి. ముందు రిఫ్లెక్షన్‌తో (ప్రోగ్రామ్ నడుస్తుండగానే దాని లోపలి వివరాలను చూసి మార్చే పద్ధతి) రీడ్‌ఓన్లీ, అంటే చూడటమే తప్ప మార్చనివ్వని గుర్తు, విలువ మార్చాను, కానీ ఆ ప్రాపర్టీ మీద ఆ గుర్తు (అట్రిబ్యూట్) విడిగా రాయకపోవడంతో అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న డిఫాల్ట్ ఆబ్జెక్టే మారిపోయి గడులన్నీ తాళం పడి బూడిదరంగుకి తిరిగాయి. రెండు రోజులు ఒకటే టెన్షన్!

మీరు చెప్పినట్టే క్లాసులో ఐకస్టమ్‌టైప్‌డిస్క్రిప్టర్ (తన ప్రాపర్టీల లిస్టు ఎలా కనిపించాలో క్లాసే చెప్పుకోనిచ్చే ఇంటర్‌ఫేస్) పెట్టి, ఆ లిస్టు ఇచ్చే గెట్‌ప్రాపర్టీస్‌లో ఆ ఒక్కదానికే టైప్‌డిస్క్రిప్టర్.క్రియేట్‌ప్రాపర్టీతో రీడ్‌ఓన్లీ తగిలించి కొత్త లిస్టు ఇచ్చాను. అయినా రకం మార్చిన వెంటనే గడి తెరుచుకోలేదు, రకం ప్రాపర్టీ మీద రిఫ్రెష్‌ప్రాపర్టీస్.ఆల్ (ఇది మారితే గడులన్నీ మళ్లీ తాజాగా చూపించమనే గుర్తు) రాయడం మరిచాను, అదీ రాశాక సరిగ్గా పనిచేస్తోంది. దారి చూపిన అన్నలకు చాలా థ్యాంక్స్.