ఆబ్జెక్ట్ 120 "తారాన్" ఎవరైనా ఆడుతున్నారా? అసలు బండి గురించి తెలిసినవాళ్లు కూడా రాయండి

ఉక్కునగరం_వాసు
వార్ థండర్ అనే ఆన్‌లైన్ యుద్ధ గేమ్‌లో నాకు ఆబ్జెక్ట్ 120 (ట్యాంకుల్ని కొట్టడానికి చేసిన సోవియట్ ఫిరంగి బండి) వచ్చి రెండు వారాలైంది. గుండు తగిలితే ఎదుటి ట్యాంకు ఒక్క దెబ్బకే పోతోంది. కానీ సగం మ్యాచుల్లో నేను రెండో షాట్ దాకా బతకడం లేదు. నిన్న బెర్లిన్ మ్యాప్‌లో వీధి మలుపు తిరుగుతుంటే బండి ఇంకా గోడ వెనకే ఉంది, బారెల్ మాత్రం రోడ్డు మధ్యకి వచ్చేసింది. అవతలివాడు అది చూసి ఆగిపోయాడు. నేను పూర్తిగా బయటికి రాగానే పక్క నుంచి కొట్టాడు. మీరు దీన్ని ఎలా వాడుతున్నారు? ఇంత తుపాకీ చేసి ఎందుకు ఆపేశారు?

బారెల్_బాబాయ్
వాసూ, నాకు చాలా ఇష్టమైన బండి ఇది. స్వెర్ద్‌లోవ్‌స్క్‌లోని ఉరల్‌మాష్ ఫ్యాక్టరీలో 1957 నుంచి 1960 వరకు దీని మీద పని జరిగింది. తారాన్ అంటే కోట తలుపులు బద్దలుకొట్టే దూలం. ఛాసిస్ (చక్రాలు, పట్టాలతో కూడిన కింది భాగం) ఎస్‌యూ-100పీ అనే సోవియట్ ఫిరంగి బండిది. ఇంజన్ ముందు, గన్ బిగించిన తిరిగే గది (టరెట్) వెనక. అంత పొడుగు బారెల్ మరీ ముందుకి పొడుచుకు రాకుండా ఉండడానికి ఆ అమరిక పనికొచ్చింది. అయినా నీకు వీధి మలుపులో ఏమైందో చూశావు కదా!

గన్ పేరు ఎం-69. 152 మి.మీ., లోపల మెలికల గాడులు లేని నున్నటి గొట్టం. 3,500 మీటర్ల దూరంలో నిలువుగా నిలబెట్టిన దాదాపు 295 మి.మీ. ఉక్కుని చీల్చగలదు. ఆ కాలానికి అది మామూలు విషయం కాదు. ఇదంతా 27 టన్నుల బండి మీద. ముందు కవచం 30 మి.మీ. మాత్రమే. అంటే ఎదురు నిలబడి దెబ్బలు కాయడానికి చేసింది కాదు, శత్రువు గుండు సరిగా తగలని దూరం నుంచి ముందే కొట్టడానికి చేసింది. మన మ్యాచుల్లో అయిదారు వందల మీటర్ల దగ్గర దాన్ని నిలబెట్టి, బతకడం లేదంటే ఆ డిజైనర్లకి అన్యాయం చేసినట్టే.

దక్కన్_గన్నర్
బాబాయ్ చెప్పింది నిజం. వాసన్నా, సిటీ మ్యాప్ వచ్చిందంటే దీన్ని మొదలు తియ్యకు, వేరే బండితోటి పో. ఫీల్డ్స్ ఆఫ్ పోలాండ్, కుర్స్క్ లాంటివి వస్తెనే తియ్యాలె. ఇంకో ముచ్చట, గొట్టం కిందికి ఎక్కువ వంగదు. గుట్ట మీదికెక్కి కిందికి కొడ్దామంటే పొట్ట మొత్తం బయటపడ్తది. నేను గుట్టెక్కుడు బంద్ జేసిన. చెట్ల వరుస వెనక చదునుగున్న జాగ చూస్కొని, ఒకటి కొట్టి వెంటనే వెనకకొస్త. బండి తేలిక, జల్ది కదుల్తది. అదే ప్రాణం కాపాడ్తది.

ఒక్కసారి ఆటోకానన్ (గబగబ పేల్చే చిన్న ఫిరంగి) ఉన్న తేలిక బండి పక్కకొచ్చిందనుకో, తప్పించుకునుడు కష్టం. పెద్ద హెచ్ఈ గుండు (పేలుడు మందు నింపింది) దగ్గర్ల పడ్డా ఓవర్‌ప్రెషర్‌తోని, అంటే పేలుడు ఒత్తిడితోని, సిబ్బంది మొత్తం పోతరు.

రవి_మాస్కో
నేను ఇక్కడ మాస్కోలో ఎంబీబీఎస్ చదువుతున్నా. పోయిన ఎండాకాలం సెలవుల్లో కుబింకా ట్యాంక్ మ్యూజియంకి వెళ్లాం. తారాన్ అక్కడే ఉంది. గేమ్‌లో చూసినప్పుడు టరెట్ మీద కన్నుంటుంది. దగ్గరికెళ్తే బారెల్ తప్ప ఇంకేమీ కనబడదు. ఆ చివర నుంచి ఈ చివర దాకా పక్కనే నడిచాను, పన్నెండు అడుగులు పట్టాయి. దాదాపు 9 మీటర్లు. దాని వెనక బండి పల్చగా, పొట్టిగా ఉంది. ఈ గన్‌ని పేలిస్తే ఆ కుదుపు ఎలా తట్టుకుందా అని చాలాసేపు అక్కడే నిలబడ్డాను. మా స్నేహితులు ముందు హాల్‌కి వెళ్లిపోయారు.

ఉక్కునగరం_వాసు
రవీ, ఈ మాట విన్నాక నాకూ వెళ్లాలనుంది. బాబాయ్, ఎందుకు ఆపేశారో చెప్పలేదు మీరు.

బారెల్_బాబాయ్
1960 మే 30న పని ఆపేయమని ఆదేశం వచ్చింది. గన్ చెడిపోయి కాదు. అప్పటికి ట్యాంకుల్ని కొట్టే గైడెడ్ మిసైళ్ల మీద ఆశ పెరిగింది, అప్పటి సోవియట్ నేత క్రుశ్చేవ్‌కి ఫిరంగుల కంటే మిసైళ్లంటేనే నమ్మకం. మరో కారణం కూడా ఉంది. నున్నటి గొట్టం ఆలోచన చిన్న గన్లలోనూ పనిచేసింది. 1961లో 100 మి.మీ. టీ-12 ఫిరంగి, 115 మి.మీ. గన్ ఉన్న టీ-62 ట్యాంకు రెండూ సైన్యంలోకి వచ్చాయి. ట్యాంకులోనే అలాంటి గన్ ఉన్నప్పుడు, పల్చటి కవచంతో వేరే బండి ఎందుకన్న ప్రశ్న వస్తుంది.

నాకు బాధ అనిపించేది ఒక్కటే. దాన్ని గెలిపించడానికి అయిదేళ్లు కూడా ఇవ్వలేదు. కానీ ఆ ఛాసిస్ వంశం మాత్రం బతికింది. క్రూగ్ మిసైల్ లాంచర్, ఆ తర్వాత 1971లో సైన్యంలోకి వచ్చిన అకాత్సియా (2ఎస్3) ఫిరంగి బండి, అన్నీ ఆ దారిలోవే. గేమ్‌లో 2ఎస్3ఎం (అకాత్సియాలోనే ఒక రకం) ఆడేవాళ్లు పక్క నుంచి చక్రాల అమరిక చూడండి, పోలిక కనబడుతుంది.

దక్కన్_గన్నర్
గా 2ఎస్3ఎం నా దగ్గరుంది. ఇవ్వాళనే ఎక్స్-రే వ్యూ (బండి లోపలి భాగాలు చూపించేది) పెట్టి రెండు పక్కపక్కన చూస్త.

ఉక్కునగరం_వాసు
ఈ రోజు కుర్స్క్ వచ్చింది. గన్నర్ చెప్పినట్టు చెట్ల వెనక చదును చోటు పట్టుకున్నా. రేంజ్ తీస్తే 1,400 మీటర్లు. పొలం దాటుతున్న లెపర్డ్‌కి పెద్దగా లీడ్ ఇవ్వకుండానే (కదిలే బండికి ముందుగా గురిపెట్టకుండానే) కొట్టాను, అంత వేగంగా వెళ్తోంది గుండు. పోయింది. వెంటనే వెనక్కి వచ్చి, లోడ్ అయ్యాక ఇరవై మీటర్లు ఎడమకి జరిగి మళ్లీ చూశా. నాలుగు బండ్లు, మ్యాచ్ చివరిదాకా బతికాను. బెర్లిన్ వస్తే ఇక టీ-54తోనే వెళ్తా.