వైద్యంలో ‘పాచి’ అనొచ్చా?

తిరుపతి నుంచి: మా కాలేజీ గోడపత్రికకు ఒక వ్యాసం రాస్తున్నా. వెలుతురు పడితే ఆక్సిజన్ వదిలే సూక్ష్మజీవులను వైద్యంలో వాడే పరిశోధన గురించి. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు రక్తం అందని ఎలుక గుండె కండరంలోకి సైనెకోకాకస్ అనే జీవిని ఎక్కించి, దాని మీద వెలుతురు వేశారు. చీకట్లో ఉంచిన గుండెల కంటే అవి బాగా కొట్టుకున్నాయి. నేను ‘గుండెకు పాచి ఎక్కించారు’ అని రాస్తే మేడమ్ కొట్టేసి ‘కిరణజన్య సంయోగక్రియ జరుపు సూక్ష్మజీవులు’ అని పెట్టారు. చదివేలోపే ఊపిరాడలేదు. మీరేమంటారు?

పుత్తూరు నుంచి: పాచి వద్దు తమ్ముడూ. పాచి మొహం, పాచి పళ్లు, పాచి పని... పేషెంటు వింటే మంచం దిగి పరిగెత్తుతాడు. నాచు అని రాయి.

నగరి నుంచి: కోనేటి మెట్ల మీద కాలు జారేది మాకు పాసే. అరవంలోనూ అదే మాట. పచ్చ, పసరు, పాచి అన్నీ ఒకే ఇంటివి. ఆ జీవులు పనిచేసేది కూడా పచ్చదనంతోనే కదా. నా ఓటు పాచికే.

చిత్తూరు నుంచి (బోటనీ చెప్తాను): శాస్త్రం ప్రకారం సైనెకోకాకస్ బ్యాక్టీరియా. పాత పుస్తకాల్లో నీలి ఆకుపచ్చ శైవలం (ఆల్గే) అనేవాళ్లు. చిలీ వాళ్లు వాడిన క్లామిడోమోనాస్ మాత్రం అసలైన శైవలం. చర్మం పూర్తిగా పోయిన గాయాల మీద వేసే పొరలో దాన్ని ఉంచి, ముందు సురక్షితమా కాదా అని 8 మంది రోగుల్లో చూశారు. మ్యూనిక్‌లో తోకకప్పల గుండెలోకి ఈ రెండు రకాల జీవులనూ ఎక్కించి చూశారు. అవి రక్తంతో మెదడుకు చేరాయి. ఆక్సిజన్ లేక ఆగిన ఆ మెదడు వెలుతురు వేశాక మళ్లీ పనిచేసింది. తోకకప్పంటే ఒళ్లు అద్దంలా ఉంటుంది, మన ఒంట్లోకి వెలుతురు ఎట్లా పోతుంది? అందుకేనేమో మనుషుల్లో పైగాయాలతో మొదలుపెట్టారు. ఇక మాట సంగతి. శైవలం అంటే బ్యాక్టీరియా బయట పడిపోతుంది. నీళ్లలో పచ్చగా తేలేదాన్నంతా పాచి అనే అంటాం, రెండూ ఇముడుతాయి.

తిరుపతి నుంచి: ఆక్సిజన్‌కి ప్రాణవాయువా, ఆమ్లజనా సార్?

చిత్తూరు నుంచి: ఆమ్లజని అంటే ఆమ్లాన్ని పుట్టించేది. ఆక్సిజన్‌కి ఆ పేరు పెట్టిన ఫ్రెంచి శాస్త్రవేత్త లవోయిజియే, ఆమ్లాలన్నిటికీ అదే మూలం అనుకున్నాడు. ఆ పొరపాటును మనం సంస్కృతంలోకి మోసుకొచ్చాం. ప్రాణవాయువు పేపర్లో బాగుంటుంది. కరోనా అప్పుడు మాత్రం సిలిండర్ల కోసం తిరిగినోళ్లంతా అడిగింది ఆక్సిజనే.

తిరుపతి నుంచి: సరే సార్. హెడ్డింగ్ ‘వెలుతురు పడితే ఆక్సిజన్ ఇచ్చే పాచి’. మేడమ్ మాట లోపల ఒక్కసారి వస్తుంది. దానికీ ఒప్పుకోకపోతే పుత్తూరు అన్న చెప్పిన నాచే.