సమస్య: “ఎండ లేక వెలిగె కొండ యెల్ల”

ఆటవెలది నాలుగో పాదం. కొలంబియా నది పక్కన, వాషింగ్టన్ రాష్ట్రం వైపు ఉన్న డాగ్ మౌంటెన్ ఎక్కుతుంటే తట్టింది. దాదాపు 2,800 అడుగుల ఎక్కుడు. మే నెల, సన్న తుంపర. మోకాళ్ళు మొరాయించిన చోట చెట్లు ఆగిపోయి, వాలంతా బాల్సమ్‌రూట్ పూలు. చేమాకుల్లాంటి ఆకులు, తడికి వాలిన పసుపు రేకులు, మధ్య దిమ్మె మాత్రం నిక్కి ఉంది. పూరించండి.

పూరణ 1 (హిల్స్‌బరో నుంచి)

చినుకు పడుచునుండ చిరుగాలి వీవగ
పసుపు పూలు విరిసె పచ్చికందు
పూవు పూవు చిట్టి పొద్దుగా నవ్వంగ
ఎండ లేక వెలిగె కొండ యెల్ల

— “చిట్టి పొద్దు” బాగా కుదిరిందండీ. ఆ పువ్వు పొద్దుతిరుగుడు కుటుంబానిదే మరి! “నవ్వంగ” ద్రుతాంతం (చివర ‘న్’ ఉన్న మాట) కాబట్టి తర్వాత “నెండ లేక” అనాలి. ప్రాసయతి (యతి చోట రెండో అక్షరం కలవడం) “ండ” మీద ఉంది కనుక దానికేం ఢోకా లేదు.

పూరణ 2

పసుపు వానకోట్లు పదిమంది తొడిగిరి
వరుస గట్టినారు వంపు దారి
మబ్బు క్రిందనుండి మావాళ్ళు పోతుంటె
ఎండ లేక వెలిగె కొండ యెల్ల

— పడీపడీ నవ్వాను. శనాదివారాల్లో ఆ సీజనుకి పర్మిట్ పెట్టింది ఇలాంటి వరసల వల్లే. రెండో పాదం చివర “దారి”కి విభక్తి లేక వేలాడుతోంది. “వంపులోన” అంటే సరి.

పూరణ 3 (కర్నూలు నుంచి)

మోడుకొమ్మలందు మోదుగు పూవులు
నిప్పురవ్వలట్లు నిండిపోయె
చిట్టి వాన పడిన చల్లారలేదురా
ఎండ లేక వెలిగె కొండ యెల్ల

— గురువుగారూ, నేను అమెరికా చూడలేదు, మా నల్లమల రాశాను. తప్పా?

— తప్పేమిటండీ! మూడింట్లో నాకు నచ్చింది ఇదే. సమస్యలో ఉన్నది వెలుగు, మీరు ఏకంగా నిప్పే పెట్టారు. మూడో పాదంలో మాత్రం యతి తప్పింది: “చి”కి “చ” చెల్లదు, అచ్చు మారింది. “చల్ల వాన పడిన చల్లారలేదురా” అనండి. గణాలు చెదరవు, పైగా చల్లకీ చల్లారడానికీ మధ్య చమత్కారం ఉచితం.

— దిద్దుకున్నాను. “చిట్టి వాన” మీద మమకారం ఉండేది.

— దాన్ని ఇంకో పద్యానికి దాచుకోండి.

— (మరొకరు) పూల మీద ఇన్ని పద్యాలు రాశారు, డాగ్ మౌంటెన్ దారి పక్కనే ఉండే పాయిజన్ ఓక్ (తాకితే దురద పుట్టించే మొక్క) మీద ఒక్కటీ లేదే? రెండు రోజుల్నుంచి గోక్కుంటున్నాను, యతి కుదరట్లేదు.