వంపు వంతెనలో ప్రీకాస్ట్ గర్డర్లు: సాఫ్ట్‌వేర్‌లో వంపుగా చూపాలా, తిన్నగా చూపాలా?

ప్రశ్న (వంతెనల డిజైనర్, హైదరాబాద్)

నమస్కారం. రెండు లేన్ల ఫ్లైఓవర్ ర్యాంపు ఒకదానికి గ్రిల్లేజ్ మోడల్ (డెక్‌ను పొడవు, అడ్డ సభ్యాల వలగా చూపే మోడల్) తయారుచేస్తున్నాను. రోడ్డు మధ్యరేఖ వ్యాసార్ధం 150 మీటర్లు, స్పాను 30 మీటర్లు, డెక్ వెడల్పు 10.5 మీటర్లు. 2.5 మీటర్ల ఎడంతో నాలుగు ప్రీకాస్ట్ (యార్డులో ముందే పోసి తెచ్చే) పీఎస్‌సీ, అంటే ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు, ఐ-గర్డర్లు, రెండు పక్కలా మీటరున్నర చొప్పున కాంటిలీవర్ (చివరి గర్డరు దాటి బయటకు వచ్చే స్లాబు) అనుకున్నాము. అలైన్‌మెంట్ ఇచ్చి గర్డర్ల సంఖ్య చెప్పగానే సాఫ్ట్‌వేర్ నాలుగింటినీ రోడ్డుతోపాటే వంపు తిప్పి, చిన్న ముక్కలుగా విడగొట్టి చూపింది. ఫలితాలలో ప్రతి గర్డరులోనూ చెప్పుకోదగ్గ టార్షన్ (మెలితిప్పే బలం) కనిపిస్తోంది. కాస్టింగ్ యార్డులో పోసేది మాత్రం తిన్నని గర్డరే. ఈ మోడల్‌నే ఉంచి డిజైన్ చేస్తే సురక్షితమైన వైపే ఉంటామా? లేక ప్రతి స్పానులోనూ గర్డర్లను తిన్నని గీతలుగా మార్చాలా? మార్చితే వాటిని ఎక్కడ కూర్చోబెట్టాలో, వాహనాల లేన్లను ఎలా ఇవ్వాలో దయచేసి చెప్పగలరు.

సమాధానం (స్ట్రక్చరల్ ఇంజినీర్, విశాఖపట్నం)

తప్పకుండా మార్చాలండి. వంపు మోడల్‌లో టార్షన్ ఎక్కువ వస్తోంది కాబట్టి అది సురక్షితమే అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే ఆ మోడల్ కాంటిలీవర్‌ను స్పాను పొడవునా మీటరున్నరగానే ఉంచి, నిజంగా ఇబ్బంది పెట్టే విషయాన్ని కనబడకుండా చేస్తుంది.

వర్సైన్, అంటే స్పాను మధ్యలో చాపానికీ జ్యాకూ (చాపం కొసలను కలిపే తిన్నని గీతకూ) మధ్య దూరం, లెక్క వేసి చూడండి. స్పాను వర్గాన్ని ఎనిమిది వ్యాసార్ధాలతో భాగిస్తే, అంటే 900ను 1200తో భాగిస్తే, 0.75 మీటరు వస్తుంది. పియర్ల (వంతెన స్తంభాల) దగ్గర గర్డర్లను డెక్ మధ్యకు సరిగ్గా అమర్చితే స్పాను మధ్యలో డెక్ వెలుపలికి ముప్పావు మీటరు జరిగిపోతుంది. వెలుపలి కాంటిలీవర్ 2.25 మీటర్లకు పెరుగుతుంది, లోపలిది 0.75 మీటరుకు తగ్గుతుంది. క్రాష్ బ్యారియర్ బరువు కాంటిలీవర్ చివరనే ఉంటుంది కాబట్టి, బెండింగ్ అత్యధికంగా ఉండే చోటనే వెలుపలి గర్డరుపై అదనపు భారం పడుతుంది. వంపు మోడల్‌లో ఇదేదీ కనిపించదు.

మోడల్ కట్టడానికి నేను పాటించే పద్ధతి ఇది. ముందు ఆటోక్యాడ్‌లో పియర్ల రేఖలను వృత్తకేంద్రం వైపు గీసి, ఒక్కో స్పానులో నాలుగు గర్డర్లను జ్యాకు సమాంతరంగా గీస్తాను. ఆ గీతలను డీఎక్స్‌ఎఫ్ ఫైలుగా అనాలిసిస్ సాఫ్ట్‌వేర్లైన మిడాస్‌లోకి గాని స్టాడ్‌లోకి గాని తీసుకుంటాను. ఆటోమేటిక్ విజార్డుతో కుస్తీ పట్టడంకంటే ఇది త్వరగా అవుతుంది, ప్రతి నోడ్ ఎక్కడుందో మనకు తెలిసి ఉంటుంది. మధ్యలోని అడ్డ సభ్యాలను గర్డర్లకు లంబంగా ఇవ్వవచ్చు. చివరి డయాఫ్రంలు (గర్డర్లను కలిపే అడ్డ దూలాలు) మాత్రం పియరు రేఖ వెంటే ఉండాలి. మీ కొలతలకు అవి గర్డరు లంబరేఖతో సుమారు 5.7 డిగ్రీల కోణం చేస్తాయి. స్లాబును సూచించే అడ్డ సభ్యాల టార్షన్ స్థిరాంకాన్ని మీటరు వెడల్పుకు మందం ఘనంలో ఆరో వంతుగా ఇవ్వండి. మూడో వంతు ఇస్తే రెండు దిశల్లోనూ కలిపి ఒకే దృఢత్వాన్ని రెండుసార్లు లెక్కించినట్లవుతుంది.

లేన్ల దగ్గర చాలామంది మోడళ్లలో పొరపాటు చూస్తుంటాను. లేన్‌ను ఒక గర్డరు నుంచి స్థిరమైన దూరంలో నిర్వచిస్తే, గర్డరు తిన్నగా ఉన్నందువల్ల లేన్ కూడా తిన్నగానే పోతుంది, వాహనం మాత్రం రోడ్డు వంపు వెంటే వెళుతుంది. అందుకని రోడ్డు మధ్యరేఖ వెంట బరువు లేని, దాదాపు దృఢత్వం లేని డమ్మీ సభ్యాలను చాపంగా ఇచ్చి, లేన్లను వాటి నుంచి నిర్వచించి, భారం అడ్డ సభ్యాల ద్వారా గర్డర్లకు చేరేలా అమర్చాలి.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండి. గర్డర్ల గుంపును కొంత వెలుపలికి జరిపితే ఈ తేడా తగ్గుతుంది కదా, ఎంత జరపడం సబబు? వర్సైన్‌లో సగం జరపాలని మా ఆఫీసులో ఒక అభిప్రాయం ఉంది.

సమాధానం (స్ట్రక్చరల్ ఇంజినీర్, విశాఖపట్నం)

సగం, అంటే 0.375 మీటరు జరిపితే కాంటిలీవర్లు రెండు వైపులా 1.125, 1.875 మీటర్ల మధ్యే మారుతాయి. స్లాబు డిజైన్‌కు ఇది చాలా అనుకూలం. అయితే గర్డర్ల మధ్య భారం సమానంగా పంచాలన్నదే లక్ష్యమైతే సమాధానం వేరు. చాపం జ్యాకు వెలుపల ఉండే దూరం సగటున వర్సైన్‌లో మూడింట రెండు వంతులు, అంటే అర మీటరు. డెక్ బరువు కేంద్రం ఇంచుమించు అక్కడే ఉంటుంది కనుక, గర్డర్లను అర మీటరు జరిపితే డెడ్ లోడ్ దాదాపు సమతూకమవుతుంది, కానీ పియర్ల దగ్గర లోపలి కాంటిలీవర్ రెండు మీటర్లకు చేరుతుంది. నేనైతే సగమే జరిపి, మిగిలే తేడాను వెలుపలి గర్డరు కేబుళ్లలో చూసుకుంటాను. ఏది ఎంచుకున్నా పియరు క్యాపు పొడవు, పెడెస్టళ్ల స్థానాలు దాన్ని అనుసరించే మారాలి.

సెంట్రిఫ్యూగల్ బలాన్ని (వంపులో వాహనం వెలుపలికి నెట్టే బలాన్ని) కూడా మరవకండి. ఐఆర్‌సీ 6 (వంతెనలపై భారాల భారతీయ కోడ్) ప్రకారం అది వాహనభారాన్ని వేగం వర్గంతో గుణించి 127 వ్యాసార్ధాలతో భాగిస్తే వస్తుంది. గంటకు 40 కిలోమీటర్లకు మీ ర్యాంపుపై భారంలో సుమారు 8.4 శాతం. కోడ్‌లో 70ఆర్ అనే 100 టన్నుల చక్రాల వాహనానికి 8.4 టన్నులన్నమాట. అది రోడ్డు ఉపరితలానికి 1.2 మీటర్ల ఎత్తున పనిచేస్తుంది కాబట్టి, గ్రిల్లేజ్ నోడ్ల మీద అడ్డబలంతోపాటు దాని మొమెంటును కూడా మీరే ఇవ్వాలి. లోపలి బేరింగుపై కనిష్ఠ రియాక్షన్ ఎంతో ఈ లోడ్ కేసుతో కలిపి చూడండి.

సమాధానం (స్టీల్ వంతెనల ఇంజినీర్, బెంగళూరు)

పైన చెప్పినదంతా తిన్నని కాంక్రీటు గర్డర్లకు వర్తిస్తుంది. భవిష్యత్తులో ఎవరైనా ఈ చర్చ చదివి నిజంగా వంచి తయారుచేసే స్టీలు ఐ-గర్డర్లకు ఇదే పద్ధతి వాడకూడదని ఈ మాట రాస్తున్నాను. అక్కడ టార్షన్ నిజమైనది, క్రాస్ ఫ్రేములు ప్రధాన సభ్యాలవుతాయి. ఆష్టో (అమెరికా రహదారి వంతెనల) నియమాల్లో ఐ-గర్డర్ల వంపును విస్మరించడానికి ఉన్న షరతులలో ఒకటి, చాపం పొడవును వ్యాసార్ధంతో భాగిస్తే 0.06 రేడియన్లకు లోపు ఉండాలన్నది. ఈ ర్యాంపుకు అది 0.2. పైగా నోడ్‌కు ఆరు స్వేచ్ఛలు (మూడు జరుగుళ్లు, మూడు తిరుగుళ్లు) మాత్రమే ఉన్న మామూలు ఫ్రేము సభ్యం వార్పింగ్‌ను (మెలిపడినప్పుడు అడ్డకోత చదును తప్పడాన్ని) పట్టించుకోదు, అందువల్ల స్టీలు ఐ-గర్డరు టార్షన్ దృఢత్వాన్ని మరీ తక్కువగా చూపుతుంది. ఏడో స్వేచ్ఛ ఉన్న సభ్యాలను గాని, ప్లేటు మోడల్‌ను గాని వాడాలి.

సమాధానం (సైట్ ఇంజినీర్, విజయవాడ)

డిజైనర్లకు సైటు తరఫున రెండు మాటలు. పియర్ల రేఖలు కేంద్రం వైపు ఉన్నప్పుడు నాలుగు గర్డర్ల పొడవులూ ఒకటి కావు. గర్డర్లను జరపకుండా చూసినా అవి లోపల సుమారు 29.2 నుంచి వెలుపల 30.7 మీటర్ల దాకా ఉంటాయి. డ్రాయింగులో ఒకే పొడవు, ఒకే కేబుల్ ప్రొఫైల్ ఇచ్చి పంపితే యార్డులో పని ఆగిపోతుంది. రెండోది సూపర్ ఎలివేషన్, అంటే వంపులో రోడ్డుకు ఇచ్చే అడ్డవాలు. అది 5 శాతమైతే, గర్డర్లను జరపనప్పుడు తిన్నని గర్డరుకూ డెక్ వంపుకూ మధ్య ఉన్న 0.75 మీటరు తేడా వల్ల స్పాను మధ్యకూ పియరుకూ స్లాబు మట్టం సుమారు 37 మిల్లీమీటర్లు మారుతుంది. ఆ ఖాళీని గర్డరు పైన, స్లాబు కింద పోసే హాంచ్ కాంక్రీటుతోనే నింపుతాము. ఆ బరువును మోడల్‌లో చేర్చి, ప్రీస్ట్రెస్ వల్ల వచ్చే పైవంపుతో కలిపి హాంచ్ మందాన్ని పది చోట్ల పట్టికగా ఇస్తే మాకు షట్టరింగ్ కట్టేటప్పుడు ఊహించుకోవలసిన పని ఉండదు.